చుక్కల పెట్ట గంప దావా

పశువుల దొడ్లకు సొంత కోర్టులుండే రోజులవి. కోర్టులున్నచోట వాయిదాలుంటాయి, వాయిదాలున్నచోట నక్కబావ ఉంటాడు.

చుక్కల పెట్ట గుడ్లు పొదిగే గంపని గండుపిల్లి ఆక్రమించాడు. వానలు దగ్గరపడుతున్నాయి. గంప దక్కకపోతే ఈసారి పెట్టకి పిల్లల్లేనట్టే. ఏడుస్తూ నక్క వకీలు దగ్గరికి పరిగెత్తింది.

"బెంగెందుకమ్మాయ్, నేనున్నాగా! వాయిదాకో గుడ్డు, అంతే," అన్నాడు నక్క.

వాయిదాలు సాగుతూనే ఉన్నాయి. గుడ్లు నక్క బొజ్జలోకి పోతూనే ఉన్నాయి. కంచే చేను మేసినట్టయింది పాపం పెట్ట పని.

"ఒసే పిచ్చిదానా!" అంది బాతక్క. "ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళకి కోర్టే ఊరికే వకీలుని పెడుతుంది. వెళ్ళి అడుగు."

"ఛీ, బిచ్చమెత్తుకోనా?"

"బిచ్చమేంటే, నీ హక్కు! అడగందే అమ్మైనా పెట్టదు."

పెట్ట సిగ్గుపడుతూనే వెళ్ళి అడిగింది. జడ్జీగారు, అంటే ముసలి పొట్టేలు, ఎద్దుమావని వకీలుగా పెట్టాడు. మాటకీ మాటకీ మధ్య నింపాదిగా నెమరేసే ఆ వకీలుని చూసేసరికి పెట్ట గుండె జారిపోయింది. నక్క పకపకా నవ్వి, మర్నాటికల్లా పిల్లి పక్షాన చేరిపోయాడు. ఈసారి బేరం వాయిదాకో చేప.

విచారణ మొదలైంది.

"ఈ గంప ఎవరిది నాయనా?" అన్నాడు ఎద్దు.

"మా తాతలనాటిది," అని పిల్లి మీసం దువ్వి, చెవి వెనక గోక్కున్నాడు.

"ఎప్పుడైనా కోళ్ళు పడుకున్నాయా అందులో?"

"కోడి ఈక కూడా దూరలేదు!"

"సరే," అని ఎద్దు మళ్ళీ నెమరు మొదలెట్టాడు.

ఇంతేనా! పెట్ట కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొట్టేలు తీర్పు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. అది చూసి నక్కకి కంగారు పుట్టింది. ఇవాళే తేలిపోతే రేపటి చేప ఏది?

"అయ్యా! నా కక్షిదారుకి ఒంట్లో బాగోలేదు. వాయిదా ఇప్పించండి!"

"ఏమొచ్చింది?" అన్నాడు పొట్టేలు.

"ఒళ్ళంతా కోడిపేలండీ! ఆ గంపలో పడుకున్ననాటినుంచీ కంటిమీద కునుకు లేదు!"

ఎద్దు నెమరు ఆపాడు.

"కోడి ఈకైనా దూరని గంపలోకి కోడిపేలెలా దూరాయి నాయనా?"

దొడ్డి దొడ్డంతా గొల్లున నవ్వింది. పొట్టేలైతే కొమ్ములు ఊగేలా నవ్వి, గంప పెట్టదేనని తీర్పు చెప్పాడు. దానికి వేపాకు పొగ వేసి, శుభ్రంచేసి అప్పగించే పని నక్కకీ పిల్లికీ పెట్టాడు.

పెట్ట సంతోషం పట్టలేక ఎద్దుకో గుడ్డు పట్టుకెళ్ళింది.

"గడ్డి తినేవాడికి గుడ్డెందుకే పిచ్చి తల్లీ? పొదుక్కో పో!"

తొలివాన పడేసరికి గంపనిండా కోడిపిల్లల కిచకిచలే. దడి అవతల నక్కబావ మాత్రం గంప దులిపిననాటినుంచీ ఇంకా గోక్కుంటూనే ఉన్నాడు.

నీతి: ఊరికే దొరికినంత మాత్రాన న్యాయం చవకైపోదు, అడగడానికి సిగ్గుపడితేనే అది ఖరీదవుతుంది.