ఉప్పుముద్ద కుడుములు

అనగనగా ఒక ఊరు, ఆ ఊరి కాలవ పక్కన ఒక పెంకుటిల్లు, ఆ ఇంట్లో నీలవేణి అని నీ ఈడు పిల్ల. కాళ్ళాడించకుండా పడుకుంటే మిగతాది చెబుతా అమ్మడూ, లేకపోతే ఇక్కడే ఆపేస్తా. ఆఁ, అలా బుద్ధిగా ఉండాలి.

నీలవేణి పిల్ల కాదే, పిడుగు! వాళ్ళ నాయనమ్మ సూరాయమ్మ జంతికల డబ్బా అటక మీద దాచింది. దాస్తే మాత్రం ఊరుకుంటుందా? స్టూలు వేసి, స్టూలు మీద కుర్చీ వేసి, కుర్చీ మీద మినపప్పు డబ్బా పెట్టి, దాని మీద ఎక్కింది. చూశావా ఆ తెలివి? అప్పుడు డబ్బా జారింది. ఆ తర్వాత కుర్చీ జారింది. ఆ తర్వాత పిల్ల దబ్బున కింద పడింది.

వాళ్ళమ్మ సుగుణ పెరట్లో బట్టలారేస్తోంది. చప్పుడు విని పరిగెత్తుకొచ్చింది. వచ్చి చూస్తే ఏముంది, పిల్ల కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకర తిరిగి ఉంది. సుగుణకి పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లనెత్తుకుని, చెప్పులైనా వేసుకోకుండా ఆస్పత్రికి పరిగెత్తింది.

ఆస్పత్రిలో సిమెంటు కట్టు వేశారు. ఆ తర్వాత కొన్నాళ్ళకి కట్టు విప్పారు. హమ్మయ్య అనుకున్నారు అందరూ. అప్పుడు డాక్టరమ్మ, "ఏదీ, గుప్పిట ముయ్యి పాపా" అంది.

ముయ్యలేదు. చెయ్యి చాచింది చాచినట్టే ఉండిపోయింది. ఒక్క వేలు కదిలితే ఒట్టు.

"ఎముక చక్కగా అతికిందమ్మా. నొప్పెడుతుందని భయపడి పిల్లే వేళ్ళు కదపడం లేదు" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు కదిపిస్తే కదిపించినట్టు. లేదంటే అలాగే బిగుసుకుపోతాయి. ఆ తర్వాత నేనైనా చేసేది ఏమీ ఉండదు. మెత్తటి పిండిముద్ద ఏదైనా ఇచ్చి రోజూ పిసికించండి. వినాయక చవితి వెళ్ళాక తీసుకొచ్చి చూపించండి."

ఆ మాట విని సుగుణ పిల్లని దగ్గరికి లాక్కుంది. దెబ్బ తగిలిందనుకుంది, తగ్గిపోతుందనుకుంది. ఆడపిల్లకి కుడిచెయ్యి రాకుండా పోవడమేమిటి? పలక పట్టుకోవద్దా? జడ వేసుకోవద్దా? బస్సులో ఇంటికొస్తున్నంతసేపూ ఆ చేతినే చూస్తూ కూర్చుంది పాపం.

ఇంటికొచ్చి అన్నం పెడితే నీలవేణి ఎడమచేత్తో కలుపుకోవడం మొదలెట్టింది. అది చూసింది సూరాయమ్మ. "హవ్వ! హవ్వ! ఎడమచేత్తో అన్నమా! ఏం కాలం వచ్చిందే తల్లీ!" అని బుగ్గలు నొక్కుకుంది.

"కుడిచెయ్యి రావట్లేదు నాయనమ్మా" అంది నీలవేణి, తల దించుకుని.

సూరాయమ్మకి నోరే పెద్దది కానీ మనసు వెన్న. కంచం లాక్కుని తనే ముద్దలు కలిపి పెట్టింది. గోడ వైపు తిరిగి పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎవరూ చూడలేదనుకుంది గానీ, సుగుణ చూసింది.

మర్నాడు సుగుణ బజారుకెళ్ళి పిల్లలు ఆడుకునే రంగు ముద్ద డబ్బా ఒకటి తెచ్చింది. మూత సరిగ్గా పెట్టలేదో ఏమో, తెల్లారేసరికి అది రాయైపోయింది. రాయంటే రాయే! నేలకేసి కొడితే ఖంగుమంది. ఇలా కాదు, నేనే చేస్తానని కొంగు బిగించింది సుగుణ.

మొదట బియ్యప్పిండి తడిపి ముద్ద చేసింది. పిల్ల దాన్ని ముట్టుకుంది, బీటలు వారింది. పట్టుకుంది, పొడి పొడిగా రాలిపోయింది. పిల్ల ముఖం చిన్నబోయింది.

రెండోసారి మైదాపిండి నీళ్ళు పోసి కలిపింది. అమ్మ బాబోయ్, అది ముద్దా? జిగురు! చేతికంటుకుంది, గౌనుకంటుకుంది, జుట్టుకంటుకుంది. సబ్బు పెట్టి తోమినా వదల్లేదు. రెండురోజులయ్యేసరికి గిన్నెలో మిగిలిన ముద్దకి పచ్చగా బూజు పట్టి ఇల్లంతా ఒకటే కంపు. సూరాయమ్మ ముక్కు మూసుకుని ఇల్లెక్కి అరిచింది.

మూడోసారి అంగన్‌వాడీ టీచరుని అడిగి తెలుసుకుని వచ్చింది. గ్లాసుడు మైదాపిండి పోసింది. అప్పుడు అర గ్లాసు ఉప్పు గుమ్మరించింది. సూరాయమ్మకి కళ్ళు బైర్లు కమ్మాయి.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! పిండిలో అంత ఉప్పేమిటే? ఎవరిని చంపుదామని?"

"తినడానికి కాదత్తయ్యా, ఆడుకోవడానికి. ఉప్పు ఉంటే బూజు పట్టదట."

ఆ తర్వాత చెంచాడు నూనె వేసింది, నిమ్మకాయ పిండింది, గ్లాసుడు నీళ్ళు పోసి ఉండల్లేకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ కూర్చుంది. గరిట చుట్టూ అంతా ఒకటే ముద్దగా వచ్చేసింది. దించి, చల్లార్చి, నూనె చేత్తో మర్దించింది. ఎంత బాగా వచ్చిందనుకున్నావు! నున్నగా, మెత్తగా, పగలకుండా, అంటుకోకుండా. కొంచెం పసుపేసి పచ్చముద్ద చేసింది. కొంచెం బీట్‌రూటు రసం పోసి ఎర్రముద్ద చేసింది. ఆరిపోకుండా తడిగుడ్డ కప్పి గిన్నెలో పెట్టింది.

నీలవేణికి ఆ ముద్దంటే ప్రాణమైపోయింది. రోజూ వీధరుగు మీద కూర్చుని పాములు చేసేది, అట్లు చేసేది, పిల్లల్ని పెట్టిన కోడిని చేసేది. కానీ ఏం లాభం? పిసకడమంతా ఎడమచేత్తోనే! కుడి అరచెయ్యి దాని మీద పెట్టి అదిమేది, దొర్లించేది, అంతే. వేళ్ళు ముడవమంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

"ఒక్కసారి ముయ్యవే నా బంగారం" అని బతిమాలేది సుగుణ.

"నొప్పెడుతుందమ్మా. రాదమ్మా" అనేది పిల్ల.

రోజులు గడిచాయి. చవితి రానే వచ్చింది. సుగుణకి పండగ సంతోషం ఎక్కడిది? ఇవాళ దాటితే రేపు డాక్టరమ్మ దగ్గరికెళ్ళాలి, ఆవిడేమంటుందో, పిల్ల చెయ్యి ఏమైపోతుందో అని ఒకటే దిగులు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. అసలు కథంతా ఇక్కడే ఉంది.

ముందు రోజు సాయంత్రం సుగుణ పిల్లకి కొత్తముద్ద చేసింది. రంగు కలిపే తీరిక లేక తెల్లగానే ఉంచి, తడిగుడ్డ కప్పి వంటింటి గట్టు మీద పెట్టింది. పండగ పొద్దున సూరాయమ్మ తలస్నానం చేసి, మడి కట్టుకుని, కుడుములకని బియ్యప్పిండి ఉడికించి ముద్ద చేసింది. ఆవిడేం చేసిందంటావు? ఆరిపోకుండా అలాంటి గిన్నెలోనే తడిగుడ్డ కప్పి ఆ గట్టు మీదే పెట్టింది! పెట్టి, గరిక కోసుకురావడానికి పెరట్లోకి వెళ్ళింది.

ఇదేమీ ఎరగని సుగుణ వీధి గుమ్మంలో ముగ్గేస్తూ, "నీలూ, గట్టు మీద తడిగుడ్డ కప్పిన గిన్నె ఉంది, తీసుకుని ఆడుకోవే" అని కేకేసింది. పిల్ల వెళ్ళింది. చేతికందిన గిన్నె ఎడమచంకలో ఇరికించుకుని అరుగు మీదికి వచ్చేసింది. ఏ గిన్నె తెచ్చిందో తెలిసిందా? ఆఁ, అదే! నాయనమ్మ మడి గిన్నె!

అప్పుడు సూరాయమ్మ గరిక కోసుకొచ్చింది. గట్టు మీద ఒక్క గిన్నే ఉంది. గుడ్డ తీసింది. తెల్లటి ముద్ద. ఇంకేం, కూర్చుని కుడుములు చెయ్యడం మొదలెట్టింది. బెల్లం, కొబ్బరి కలిపిన పూర్ణం లోపల పెట్టి మూస్తుంటే ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు! "ఔరా! ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, ఏనాడూ ఇంత నున్నగా రాలేదు. ఈ ఏడు స్వామి నా చేతిలోనే కూర్చున్నాడు" అని మురిసిపోయింది.

మరి కాస్త నోట్లో వేసుకుంటే తెలిసిపోయేది కదా అంటావా? హమ్మో, సూరాయమ్మా! దేవుడికి పెట్టేది ముందు మనిషి రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. ఆవిడ వాసన కూడా చూడదు. అలాగే ఇడ్లీ పాత్రలో పెట్టి ఆవిరి మీద ఉడికించేసింది.

అవతల అరుగు మీద నీలవేణి వినాయకుణ్ణి చేద్దామని కూర్చుంది. పొట్ట చేసింది, తల పెట్టింది, తొండం అతికించింది. తొండం విరిగింది. మళ్ళీ అతికించింది, మళ్ళీ విరిగింది. ఇదేమిటబ్బా, నా ముద్ద ఎప్పుడూ విరగదే! ఇన్నాళ్ళూ పిసికిన ముద్ద కదా, వేళ్ళకి తెలియదూ? ఇది వేరేగా ఉంది. చిటికెడు తీసి నాలిక మీద పెట్టుకుంది.

ఉప్పు లేదు!

పిల్ల గుండె గుభేలుమంది. ఇది నాయనమ్మ పిండి. అయితే నా పిండి ఏది? లోపల గంట మోగుతోంది. హారతి వాసన వస్తోంది. అయ్యో! అయ్యయ్యో! నా ఉప్పుముద్ద దేవుడికి పెట్టేశారు!

చెబితే నాయనమ్మ చంపేస్తుంది. మడి గిన్నె ముట్టుకుంది, పండగ పిండితో తొండాలు చేసింది, పైగా రుచి కూడా చూసింది! మాట్లాడకుండా కూర్చుంటే సరిపోతుందేమో అనుకుంది ఒక్క క్షణం. అప్పుడే లోపలినుంచి వాళ్ళ తాతయ్య సత్తిరాజు గొంతు వినిపించింది.

"సూరాయమ్మా, స్వామి తిన్నాడు కదా, ఇహ నా కుడుము నాకు పడెయ్యి."

తాతయ్యకి బీపీ! ఉప్పు తగలకూడదని డాక్టరు కూరలో కూడా మాన్పించాడు. మొన్నామధ్య చాటుగా ఊరగాయ బద్ద చీకితేనే కళ్ళు తిరిగి వాకిట్లో కూలబడ్డాడు. అది తలుచుకునేసరికి నీలవేణికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. గిన్నె చంకలో పెట్టుకుని ఒక్క పరుగున లోపలికి దూకింది.

తాతయ్య అప్పటికే తనే పళ్ళెంలోంచి కుడుము తీసుకుని నోటి దాకా ఎత్తాడు. "తాతయ్యా, తినకు! తినకు!" అని అరిచింది. ఆయనకి అసలే చెముడు. పైగా సూరాయమ్మ గంట ఆపితేనా! తాతయ్య నోరు తెరిచాడు. పళ్ళకి తగిలింది కుడుము.

నీలవేణి ఎగిరి, ఆయన చేతిలోది లటుక్కున లాక్కుంది.

గంట ఆగిపోయింది. తాతయ్య తెరిచిన నోరు తెరిచినట్టే ఉన్నాడు.

"ప్రసాదం! ముసలాయన నోటికాడ ప్రసాదం లాక్కుంటావటే!" అని చెయ్యెత్తింది సూరాయమ్మ.

"అది నా ఆటపిండి నాయనమ్మా! ఉప్పుముద్ద! నీ పిండి ఇదిగో, నేనే తెలియక తీసుకెళ్ళాను!" అని బావురుమంది పిల్ల.

సూరాయమ్మ ఎత్తిన చెయ్యి దించలేదు. నమ్మలేదు. పళ్ళెంలోంచి ఒక కుడుము తీసి కొరికింది. అంతే! ముఖం ఎర్రబడింది, కళ్ళు పెద్దవయ్యాయి, ముక్కులోంచి, కళ్ళలోంచి ఒకటే నీళ్ళు. "నాయనా! విఘ్నేశ్వరా! నీకు ఉప్పుగడ్డ పెట్టానా! ఇంకేముంది, కొంప మునిగింది!" అని నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది.

ఆవిడ అరుస్తోంది, పిల్ల ఏడుస్తోంది, తాతయ్య "ఏమైంది? ఏమైంది?" అంటున్నాడు. అరుపులకి వీధిలోంచి వచ్చిన సుగుణ మాత్రం, ముగ్గుచేత్తో గుమ్మం పట్టుకుని, కదలకుండా మెదలకుండా, పిల్ల వైపే చూస్తోంది.

"అత్తయ్యా" అంది చివరికి. "అత్తయ్యా, దాని చెయ్యి... దాని చెయ్యి చూడండి."

అందరూ చూశారు. నీలవేణి ఎడమచంకలో గిన్నె ఉంది. మరి కుడుము ఎక్కడుంది? కుడిచేతిలో! గట్టిగా బిగించిన గుప్పిట్లో, వేళ్ళ సందుల్లోంచి పూర్ణం బయటికొచ్చి మోచేతి దాకా కారుతోంది.

నీలవేణి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. తన చేతిని తనే నిలువుగుడ్లేసుకుని చూసుకుంది. మెల్లిగా తెరిచింది. నొప్పెట్టింది. "స్స్" అంది. మళ్ళీ మూసింది. మూసుకుంది!

సుగుణ గుమ్మం దగ్గరే కూర్చుండిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. తాతయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. సూరాయమ్మ పీట మీదున్న మట్టి వినాయకుడి వైపు చూసింది, పిల్ల గుప్పిట వైపు చూసింది, మళ్ళీ స్వామి వైపు చూసింది.

అప్పుడు లేచింది. మడి చీరతోనే పిల్ల దగ్గరికొచ్చింది. నైవేద్యం పళ్ళెంలోంచి ఇంకో ఉప్పు కుడుము తీసి, పిల్లకి అందేలా ఎత్తి పట్టుకుంది.

"ఏదీ తల్లీ, ఇది కూడా లాక్కో" అంది.

లటుక్కున లాక్కుంది నీలవేణి.

"ఇంకోటి లాక్కో."

అదీ లాక్కుంది. అలా పళ్ళెమంతా ఖాళీ అయ్యేదాకా నాయనమ్మ ఎత్తి పట్టుకోవడం, మనవరాలు లాక్కుని పిసకడం. పూర్ణమంతా చీరకంటుకున్నా, మడి మంటగలిసినా, సూరాయమ్మ ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు.

ఇహ కళ్ళు ముయ్యి.

ముద్ద పిసికె నీలవేణి,
కన్ను మూయవె నా రాణి,
కథ నడిచెను కంచికి,
మన నడుములు మంచానికి!