కాకుల తిరుగుబాటుకు కోయిల పాట

అనగనగా, కాకులకు కూడా ఒక రాజున్న రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక చింతతోపు ఉండేది. ఆ తోపుకు రాజు గండభీముడనే బొంతకాకి. మెతుకు దొరికితే పదిమందినీ పిలిచి తినడం కాకుల ఆచారం కదా. గండభీముడు ఆ ఆచారాన్నే మార్చేశాడు. పిలుపు ముందు తనకే, తాను తిన్నాకే మిగతావారికి అన్నాడు. అతడు తిన్నాక మిగిలేది ఖాళీ విస్తరాకే.

ఆ తోపులో కాటుకమ్మ అనే కాకి మూడు గుడ్లు పెట్టి పొదుగుతోంది. నోరు కాస్త పెద్దదే గాని, మనసు వెన్న. పుట్టబోయే పిల్లలు ఎంగిలాకులు నాకి బతకాలా అని ఆమె కడుపు రగిలింది. కొమ్మకొమ్మకూ తిరిగి, రాజు మీద తిరగబడదామని అందరినీ కూడగట్టింది.

సంగతి ఏటి అవతలి మామిడితోటకు పాకింది. అక్కడి కోయిలరాజు వసంతసేనుడు మందీమార్బలంతో వచ్చి వాలాడు. "మీ కష్టం మా కష్టం కాదా తల్లీ?" అన్నాడు. మీ గొంతులు బొంగురు, మీ తరఫున మేం పాడతామన్నాడు. ఆ పాటకు కాకులు మురిసిపోయాయి. మర్నాడు, మేతకు తిరిగి అలసిపోకండంటూ పళ్ళు పంపాడు. కాకులు తిని కునికాయి. మూడోనాడు, అందరూ తోపు ఆ చివరనున్న రాజు మీదికి దండెత్తి వెళ్ళండి, గూళ్ళు మేం చూసుకుంటామన్నాడు. కాకులన్నీ బిలబిలమంటూ ఎగిరాయి.

కాటుకమ్మా ఎగిరింది. కానీ తల్లి ప్రాణం ఊరుకుంటుందా? సగం దారిలోనే వెనక్కి మళ్ళింది. వచ్చి చూస్తే గూట్లో ఒక ఆడకోయిల. అది కాటుకమ్మ గుడ్లలో ఒకదాన్ని అంచుకు దొర్లించి, ఆ చోట తన గుడ్డు పెట్టబోతోంది. కాటుకమ్మ గబుక్కున తన గుడ్డును లోపలికి లాక్కుంది.

"ఇదేం సాయమమ్మా?" అంది.

"రాజు మారాలన్నారుగా. రేపు రాజయ్యేవాడు మా పిల్లాడైతే మీకేం నష్టం?" అంది కోయిల.

కాటుకమ్మ తన బొంగురు గొంతుతోనే తోపంతా మోగేలా అరిచింది. కాకులన్నీ తిరిగొచ్చి కోయిలలను తరిమి ఏరు దాటించాయి. మరి గండభీముడి సంగతేమిటని ఒక ముసలికాకి దిగులుగా అడిగింది.

"అది మన ఇంటి గొడవ తాతా. మనమే తేల్చుకుందాం" అంది కాటుకమ్మ.

మర్నాడు రేవులో అన్నం దొరికింది. ఆమె అందరినీ పిలిచింది, రాజును తప్ప. అందరూ కలిసే తిన్నారు. గండభీముడు రెక్కలు విదిలించి ఉరిమి చూశాడు గాని, ఎందరినని పొడుస్తాడు? రెండోనాడూ అంతే. మూడోనాడు ఆకలికి తాళలేక, తల వంచుకుని వచ్చి బంతి చివర నిలబడ్డాడు. కాటుకమ్మకు జాలేసింది. కాస్త జరిగి చోటిచ్చింది.

"తిను నాయనా. ఇకనుంచి నువ్వూ పదిమందిలో ఒకడివి" అంది.

చూశారా పిల్లలూ, మన కష్టానికి జాలిపడే పొరుగువాడికి దండం పెట్టవచ్చు గాని, మన పోరాటాన్ని అతడి చేతిలో పెట్టకూడదు. పెడితే గెలిచేది అతడే.