వీధికి వారసుడు

ఒకానొక రాజ్యంలో రాజుగారికి చీకటంటే గిట్టేది కాదు. భయమని కాదు లెండి, చీకటి తన పరువుకు తక్కువని ఆయన ఉద్దేశం. పేరు కీర్తిధరుడు. గద్దె ఎక్కిన ఏడాదే మునగలపాడనే తన రాజధాని పేరు కొట్టేసి దీపావతీపురం అని పెట్టాడు. జనం మాత్రం మునగలపాడనే అనుకునేవాళ్లు. రాజభటుడు పక్కనుంటే నాలుక సర్దుకునేవాళ్లు.

పేరు పెట్టాక దీపాలు వెలగాలి కదా. వీధి వీధికీ రాతి స్తంభాలు నిలబెట్టి, వాటి మీద ఇనప గూళ్లలో పెద్ద పెద్ద ప్రమిదలు పెట్టించాడు. అంతవరకూ బాగానే ఉంది. మరి వాటిలో నూనె ఎవరు పొయ్యాలి? ఆ మాట తేల్చడానికి పురసభ కూర్చుంది.

ఆ సభ తీరు ఏమని చెప్పను. దీపానికి దగ్గరున్న ఇల్లు ఎక్కువ నూనె ఇవ్వాలని ఒక పెద్దమనిషి లేచాడు. సరిగ్గా స్తంభానికి ఎదురుగా ఇల్లున్న ఇంకో పెద్దమనిషికి ఒళ్లు మండింది. "రాత్రయితే ఊళ్లో పురుగులన్నీ నా కంచంలోనే పడుతున్నాయి. నేనివ్వడమేమిటి, మీరే నాకు ఎదురివ్వాలి" అన్నాడు. గుడ్డివాడు కూడా నూనె ఇవ్వాలా అన్న దాని మీద ఒక పూటంతా గడిచింది. వాడు దీపాన్ని చూడకపోయినా, దీపం ఉండబట్టి నలుగురూ వాణ్ని చూసి తప్పుకుంటున్నారు కనుక వాడూ ఇవ్వాల్సిందేనని చివరికి తేల్చారు. ఇంటికి నెలకు సోలెడు నూనె. నగరాధికారి చెన్నప్ప ఆ నిర్ణయం చదివి వినిపించాడు. ఈ చెన్నప్ప ఎప్పుడూ గొంతు పెంచడు. మెత్తగా మాట్లాడుతూనే కొంపలు తీసేస్తాడు.

ఊరికి పడమటి చివర మేదర వీధి ఉండేది. వెదురు చీల్చి బుట్టలు, చేటలు, తడికలు అల్లుకుని బతికేవాళ్లు. పొద్దుగూకితే ఇంత గంజి తాగి పడుకుంటారు. కూరలోకే నూనెచుక్క లేని వాళ్లు సోలెడు ఎక్కణ్నుంచి తెస్తారు? "మాకు దీపం వద్దు సామీ" అని దండం పెట్టారు. వద్దనడానికి వీల్లేదన్నారు. కొన్నాళ్లు చూసి పురసభ వాళ్లు ఆ వీధి ప్రమిదలో నూనె పొయ్యడం మానేశారు. దీపం ఆరిపోయింది. పీడా వదిలిందనుకున్నారు మేదర వాళ్లు, పాపం.

అసలు సంగతి వేరే ఉంది. ఆ నేల మీద రాజుగారి కన్ను పడింది. పక్కనే ఏరు, వెదురు నానేసుకునే గుంట, చల్లటి గాలి. అక్కడ ఉయ్యాల మండపం కట్టించి, రాబోయే పుట్టినరోజు ఉత్సవం అందులో చేసుకోవాలని ఆయన ముచ్చట. అడ్డమల్లా ఒక రాతి శాసనం. ఈ రాజుగారి తాత ఎప్పుడో ఆ నేల మేదర వాళ్లకు దానమిచ్చి, సూర్యచంద్రులున్నంత కాలం వాళ్లదేనని చెక్కించాడు. ఇచ్చిన దానం వెనక్కి తీసుకుంటే మహాపాపం. రాజుగారికి పాపమంటే భయం, ఉయ్యాలంటే ఇష్టం. ఏం చెయ్యాలో పాలుపోక పురసభను మళ్లీ పిలిచాడు.

చెన్నప్ప లేచి చేతులు కట్టుకున్నాడు.

"మహాప్రభూ, దానం వెనక్కి తీసుకోనక్కర్లేదు. వారసులు లేకుండా పోయినవాడి ఆస్తి రాజుగారికి చెందుతుంది. ఇది తాతల నాటి ధర్మం. దీపం ఆరిన ఇంట్లో మనుషులు లేనట్టే లెక్క. దీపం ఆరిన వీధీ అంతే. మేదర వీధి పోయిందని ఈ సభ తీర్మానిస్తే చాలు. ఆ నేల తమకు వారసత్వంగా వస్తుంది. పాపం అంటదు."

ఆ సభలో ఓ మూల విదూషకుడు పేరయ్య కూర్చుని ఉన్నాడు. రాజుగారిని నవ్వించడం ఆయన ఉద్యోగం. ఆ మాట విని ఉండబట్టలేక నోరు తెరిచాడు.

"పోయారంటావేమిటి చెన్నప్పా? పొద్దున్నే నాకు ఏటి గట్టున కనిపించారు. వెదురు కడుగుతున్నారు."

"ఉన్నారు పేరయ్యగారూ, ఎవరు కాదన్నారు? సభ లెక్కలో లేరు, అంతే" అన్నాడు చెన్నప్ప.

సభంతా గొల్లున నవ్వింది. రాజుగారు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. పేరయ్యకు మాత్రం నవ్వు రాలేదు. అయినా మొహం మామూలుగా పెట్టుకుని అడిగాడు.

"అయితే ప్రభూ, ఆ వీధికి వారసులు తమరేనన్నమాట?"

"నేనే. నేను కాక ఇంకెవరు?" అని రాజుగారు మీసం మెలేశాడు. తీర్మానం మీద ముద్ర పడింది. శ్రావణ శుక్రవారం పొద్దున్నే శంకుస్థాపన అన్నారు. ఆలోగా మేదర వాళ్లు గుట్ట అవతలికి పోవాలన్నారు. గుట్ట అవతల రాళ్లు తప్ప ఏమీ లేవు. నీళ్లు అసలే లేవు.

పేరయ్యకు ఆ వీధి మీద అంత బెంగ ఎందుకంటే చెప్తాను. అంతకుముందు ఏడాది వానాకాలంలో ఆయన భార్య పోయింది. ఊరంతా వరద, తలుపు తీసినవాడు లేడు. ఏట్లో మొలలోతు నీళ్లకు అడ్డం పడి గంగయ్య అనే మేదరాయన పాడెకు వెదుళ్లు మోసుకొచ్చాడు. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పాడె వెదురుకు వాళ్లు బేరమాడరట, ఇచ్చింది పుచ్చుకుంటారట, వానలో వచ్చి అడిగినవాడి దగ్గర అదీ పుచ్చుకోరట. ఆ తరవాత ఏడాది పొడుగునా పేరయ్య ఇంట పండగ లేదు, గుమ్మానికి తోరణం లేదు. ఇంట్లో ఏడ్చి, మొహం కడుక్కుని, కోటకు వెళ్లి నవ్వించేవాడు. నవ్వించడం కూడా ఒక చాకిరేనని ఆయనకు ఆ ఏడే తెలిసింది.

శంకుస్థాపన రెండు రోజుల్లో ఉందనగా ముసురు పట్టింది. పేరయ్య గొంగడి కప్పుకుని మేదర వీధికి వెళ్లాడు. సగం ఇళ్ల కప్పులు అప్పటికే విప్పేసి ఉన్నాయి. గంగయ్య గుమ్మం పక్కన కుక్కిమంచంలో పడి ఉన్నాడు. పక్షవాతం వచ్చి కుడిపక్క చచ్చుబడిపోయింది. ఆయన భార్య ఓబులమ్మ సామాన్లు సర్దడానికి గంప అల్లుతోంది. అల్లుతోందన్న మాటే గానీ బద్ద చేతిలోనే ఉండిపోయింది.

"కూచో బాబూ" అని చాప దులిపి వేసింది.

"గంగయ్యను ఎలా తీసుకుపోతారు ఓబులమ్మా?"

"అదే తెలీడం లేదు బాబూ. కదిపితే దారిలోనే పోతాడని వైద్యుడు చెప్పాడు. ఈయనా కదలనంటున్నాడు. మాట రాదు కదా, గోడ తడిమి చూపిస్తున్నాడు. ఈ గోడ పక్కనే పోతానంటున్నాడు." ఓబులమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఊళ్లో ఎవరు పోయినా మా వెదురే వెళ్లింది. ఇప్పుడు మేమే పోయామంటున్నారంట గదా. పోయినోళ్లకు ఆకలెందుకేస్తుంది బాబూ?"

 పేరయ్య గోడకు ఆనించిన వెదుళ్ల వంక చూశాడు. గంగయ్య మంచంలోంచి ఆయన్నే చూస్తున్నాడు. పేరయ్య ఓబులమ్మ వైపు తిరిగాడు.

"ఓబులమ్మా, ఒక పాడెకు సరిపడా పచ్చి వెదురు కావాలి."

"అయ్యో, ఎవరికి బాబూ?"

"మీ వీధికి."

ఆయన హాస్యమాడుతున్నాడేమోనని ఓబులమ్మ మొహంలోకి చూసింది. పేరయ్య నవ్వడం లేదు.

శుక్రవారం పొద్దున్న కూడా ముసురే. రాజుగారు పట్టుబట్టలు కట్టి, గొడుగు కింద మేదర వీధి మొదట్లో నిలబడ్డాడు. పురోహితుడు సోమయాజి పళ్లెంలో పసుపూ కుంకుమా సర్దుకుంటున్నాడు. చెన్నప్ప కొబ్బరికాయ పట్టుకున్నాడు. పురసభ వాళ్లంతా బురదలో పడకుండా అంగలు వేసుకుంటూ వచ్చారు. వీధి జనాన్ని భటులు ఓ పక్కకు నెట్టి నిలబెట్టారు.

అప్పుడు వీధి ఆ చివర్నుంచి డప్పు వినిపించింది. అది శుభానికి కొట్టే డప్పు కాదు. నలుగురు మేదర వాళ్లు పాడె మోసుకొస్తున్నారు. పాడె మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద ఒక మట్టిగడ్డ. ముందు పేరయ్య, ఆయన చేతిలో పొగలు కక్కుతున్న నిప్పుకుండ. వెనకాల మంగలి, కత్తుల పొదితో సహా.

 రాజుగారి ముహూర్తానికి ఎదురుగా పాడె తేవడమంటే మాటలా? తల తీసేసినా అడిగేవాడు లేడు. ఆ సంగతి పేరయ్యకు తెలియక కాదు. అయినా అడుగు ఆపలేదు. 

"ఏమిటయ్యా ఈ అప్రాచ్యపు పని?" రాజుగారు పళ్లు కొరికాడు.

పేరయ్య నిప్పుకుండ కింద పెట్టి సాష్టాంగపడ్డాడు.

"చిత్తం ప్రభూ. ఈ వీధి పోయిందని తమ సభ తీర్మానించింది. పోయినవాళ్లను ఎన్నాళ్లు ఉంచుతాం? ఈ గడ్డ ఆ వీధి మట్టే. తలకొరివి పెట్టడానికి వారసుల కోసం చూస్తున్నాం. వారసులు తమరేనని నిండు సభలో సెలవిచ్చారు."

"నేనా? తలకొరివా?"

"ఆస్తి పుచ్చుకున్నవాడే కర్మ చెయ్యాలి కదా ప్రభూ. నాకు తెలిసింది ఇంతే. పెద్దవారు సోమయాజిగారిని అడగండి."

సోమయాజి రాజుగారి మొహం చూశాడు, పాడె చూశాడు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు, నిజం చెప్పడానికి ధైర్యం లేదు. చివరికి నేల చూస్తూ అన్నాడు.

"అవును ప్రభూ. ఆస్తి ముట్టినవాడు కర్మ చెయ్యాలి. చెయ్యకపోతే ఆ ఆస్తి ముట్టకూడదు."

"చేస్తే ఏమవుతుంది?"

"క్షవరం... మీసంతో సహా. పదిరోజులు మైల. మైలలో సింహాసనం ఎక్కకూడదు. ఏడాది పొడుగునా పండగలూ ఉత్సవాలూ ఉండవు. శంకుస్థాపన అసలే కూడదు. నెల నెలా మాసికం పెట్టాలి."

"ఒక్క మాసికం కాదండీ" అన్నాడు పేరయ్య. "వీధిలో ఎంతమంది ఉంటే అన్ని పిండాలు. చెన్నప్పగారి లెక్క ప్రకారం అందరూ పోయినట్టే."

మంగలి పొది విప్పాడు. రాజుగారి చెయ్యి దానంతటది మీసం మీదికి పోయింది. ఆ మీసం ఊళ్లో అన్ని దీపాలకంటే ముందు నూనె తాగిన మీసం. చెన్నప్ప ఏదో చెప్పబోయాడు గానీ, రాజుగారు వినే స్థితిలో లేడు. కోపం నషాళానికెక్కింది.

"ఎవరికయ్యా నేను కర్మ చేసేది? ఎవరికి పిండం పెట్టేది? అదుగో, వాళ్లంతా బతికే ఉన్నారు. కళ్లెదుట నిలబడి ఉన్నారు."

పేరయ్య లేచి చేతులు జోడించాడు.

"ఏలినవారి నోట ఆ మాట వచ్చింది. చాలు. బతికున్నవాళ్ల ఆస్తికి వారసులు ఉండరు ప్రభూ."

 గొడుగు మీద చినుకులు పడుతూనే ఉన్నాయి. రాజుగారు పాడె వంక చూశాడు. దాని మీది మట్టిగడ్డ వానకు కరిగి తెల్లగుడ్డంతా ఎర్రగా పారుతోంది. తరవాత చెన్నప్ప వంక చూశాడు. చెన్నప్ప కొబ్బరికాయను వీపు వెనక దాచుకుంటున్నాడు. అది చూసి రాజుగారికి ముందు పెదవి వంకర తిరిగింది, ఆనక భుజాలు ఊగాయి, ఇక ఆపుకోలేక పకపకా నవ్వేశాడు. రాజుగారు నవ్వాడు కాబట్టి పురసభ అంతా నవ్వింది.

తీర్మానం అక్కడే చింపించాడు. మేదర వీధి నేల జోలికి ఎవరూ పోకూడదన్నాడు. ఆ వీధి దీపానికి నూనె ఇకమీదట కోట నుంచే వస్తుందన్నాడు. మెళ్లో ముత్యాల హారం తీసి పేరయ్య మెళ్లో వేశాడు.

"ఏమయ్యా పేరయ్యా, ఇంత హాస్యం నీకెక్కణ్నుంచి వస్తుందయ్యా?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"ఈ వీధి నుంచే ప్రభూ. ఇక్కడ నవ్వు బీడు పడి ఉంది. దానికి వారసులెవరూ కనపడలేదు, అందుకని నేను తెచ్చుకున్నాను."

రాజుగారు తలతిప్పి భటుల వెనక నిలబడ్డ జనాన్ని చూశాడు. ఆడా మగా, పిల్లా జెల్లా, నెత్తిన మూటలతో తడుస్తున్నారు. వాళ్లలో ఒక్కరూ నవ్వడం లేదు. ఆయన మరేమీ అనకుండా పల్లకి ఎక్కి వెళ్లిపోయాడు.

విప్పేసిన కప్పులు మళ్లీ కప్పుకోవడానికి ఆ వానాకాలమంతా పట్టింది. పేరయ్య హారం అమ్మి తాటాకు కొనిచ్చాడు. గంగయ్య కార్తీకంలో పోయాడు. తన ఇంట్లో, ఆ గోడ పక్కనే పోయాడు. ఓబులమ్మ ఏడ్చింది గానీ, ఎవరినీ తిట్టలేదు.