ఎలుగు పెట్టిన గాట్లు

ఎర్రమెట్ట అడవిలో ఎలుగుబంట్లు, అడవిపందులు, కణుజులనే పెద్ద దుప్పులు, నక్కలు ఉండేవి. వాగుకు అవతల పల్లపు అడవిలో జింకలు, కుందేళ్ళు ఉండేవి. వానాకాలం పల్లం మునిగితే అక్కడివాళ్ళు మెట్ట ఎక్కేవారు. వేసవిలో మెట్ట ఎండిపోతే ఇక్కడివాళ్ళు పల్లంలోని మడుగుకు దిగేవారు. ఎక్కడైనా వచ్చినవాళ్ళే ముందు తినాలి, ముందు తాగాలి. అది తాతలనాటి మర్యాద. ఇది ఎవరి అడవి అని ఎవరూ అడిగి ఎరగరు.

ఒక ఏడు పల్లం వైపు నుంచి చిరుత వచ్చి పందిపిల్లను ఎత్తుకుపోయింది. అందరూ హడలిపోయారు. అప్పుడు బొచ్చన్న అనే ఎలుగు బండ ఎక్కాడు.

"ఇకనుంచి ఇది మన అడవి. వాగు ఒడ్డున చెట్లన్నిటికీ నా గోళ్ళతో గాట్లు పెడతాను. అదే మన హద్దు. మనవాళ్ళంతా నుదుట ఎర్రమట్టి పెట్టుకోండి. మట్టి లేనివాడు పరాయివాడే!" అన్నాడు.

మట్టి పెట్టుకోగానే అందరికీ ఛాతీ ఉప్పొంగింది. నక్కలకు కాపలా పని దొరికింది. పనిలేని నక్కకు పెత్తనం ఇస్తే ఇక అడగాలా! హద్దు చెట్టు మీది గోరింకను కూడా నిలదీశాయి.

"నీది ఏ అడవి?"

"గూడు ఈ కొమ్మ మీద, మేత ఆ ఒడ్డున. నాకేం తెలుసు నాయనా?" అంది గోరింక.

ముసలి కణుజు ఒక్కటే మెల్లగా అడిగింది. "బొచ్చన్నా, మరి వేసవిలో మనం నీళ్ళకు ఎక్కడికి పోవాలి?"

"వేసవి సంగతి వేసవిలో చూద్దాంలే తాతా," అన్నాడు బొచ్చన్న.

వానలు పడ్డాయి. పల్లం మునిగింది. చుక్కమ్మ అనే జింక తన కూనతో వాగు ఈదుకుంటూ వచ్చింది.

"బొచ్చన్నా, మా చోటంతా నీళ్ళే. నన్ను రానివ్వకపోయినా ఫరవాలేదు, కూనకు కాస్త చోటివ్వు."

"నుదుట మట్టి ఏదమ్మా?" అన్నాడు బొచ్చన్న.

అతని నుదుటి మట్టి అప్పటికే వానకు కరిగి ముక్కు మీదుగా కారిపోయింది. అందరూ అది చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. చెప్పుకోవడానికే సిగ్గుచేటు.

చుక్కమ్మ వెనుదిరిగింది. వాగులో కొట్టుకొచ్చిన దుంగ తగిలి కూన కాలు విరిగింది. వానాకాలమంతా ఆ తల్లీబిడ్డలు ఒక మట్టిదిబ్బ మీదే గడిపారు. చిరుత మాత్రం ఆ గాట్ల పక్కనుంచే వచ్చి ఇంకో పందిపిల్లను ఎత్తుకుపోయింది.

వేసవి వచ్చింది. మెట్ట మీద చుక్క నీరు లేదు. దాహానికి ఓర్చుకోలేక అందరూ తాము పెట్టుకున్న హద్దు తామే దాటారు. మడుగుకు దూరంగా తలలు దించుకుని నిలబడ్డారు. ఒక కూన కుంటుకుంటూ ఎదురొచ్చింది.

"అమ్మా, చుట్టాలొచ్చారు! మనం పక్కకు జరగాలి కదా?"

 చుక్కమ్మ కూన కాలి వంక చూసింది. తర్వాత పక్కకు జరిగి, "తాగండి. ముందు తాగాల్సింది మీరే," అంది.

అందరూ తాగారు. బొచ్చన్న మాత్రం నీళ్ళు ముట్టకుండా చుక్కమ్మ దగ్గరికి వచ్చాడు.

"తప్పయిపోయింది తల్లీ," అన్నాడు.

"నాకు కాదు, దానికి చెప్పు," అంది చుక్కమ్మ.

బొచ్చన్న కూన ముందు కూలబడి ఏడ్చాడు.

తిరిగొచ్చి గాట్లు చెరపబోయాడు. మట్టి పూశాడు, నాకి చూశాడు. అవి పోలేదు. ఇప్పుడు తొలి వాన పడగానే వాగు ఒడ్డుకు పోయి, "రండి, రండి!" అని అందరినీ పిలుస్తాడు. పిల్లలు చెట్లు చూపించి, "ఈ గాట్లు ఎవరు పెట్టారు తాతా?" అని అడుగుతారు. బొచ్చన్న తల దించుకుని, "నేనే," అంటాడు.

నీతి: హద్దు గీసేవాడు, రేపు దానికి అవతల నిలబడాల్సింది తానే కావచ్చని మరవకూడదు.