పదిహేను స్తంభాల దూరం

ఎస్తేరు రాజీనామా కాగితం రాసి మడత పెట్టింది. అందులో రెండే వాక్యాలు. "నేను మనిషిని చంపాను. ఇక బండి నడపలేను."

ఎస్తేరు నా కూతురు. గూడ్సు బండి డ్రైవరు. పన్నెండు రోజుల కిందట ఒకాయన దాని బండి ముందు పట్టాలు దాటేశాడు. దాటినవాడు జారిన చెప్పు కోసం వెనక్కి తిరిగాడు. బ్రేకు వేసింది. బండి ఆగలేదు.

ఆ రోజు నుంచి దానికి ముద్ద దిగడం లేదు. కుక్కరు కూత పెడితే చెవులు మూసుకుంటుంది. "మానెయ్యవే" అన్నది నేనే.

ఆఫీసులో ఇచ్చేముందు గురువుగారికి చూపిస్తానంది. దానికి ఈ లైను నేర్పింది మస్తాన్‌వలి గారు. రిటైరై తొమ్మిదేళ్ళయినా డ్రైవర్లంతా ఆయన్ని గురువనే పిలుస్తారు.

ఇద్దరం ఇంటికెళ్తే ఆయన కాగితం రెండుసార్లు చదివారు.

"చంపానన్న మాట ఎవరిది తల్లీ?"

నేనే చెప్పాను.

"మా ఆడబిడ్డది సార్. మనిషిని చంపిన చెయ్యంట. ప్రార్థన పెట్టించేదాకా ఆ చేత్తో ఎవరికీ వడ్డించొద్దంది."

"ఆమెను ఒక్క రోజు ఇంజనెక్కమనమ్మా. సాయంత్రానికి ఆమెకే పెట్టించాలి ప్రార్థన."

కాగితం జేబులో పెట్టుకుని చేతికర్ర అందుకున్నారు. "పదండి."

ముగ్గురం ఆ ప్రమాదం జరిగిన చోటికి, లైను పక్క కాలిబాట మీదికి వెళ్ళాం.

"బ్రేకు ఎక్కడ వేశావు?"

ఎస్తేరు ఒక కరెంటు స్తంభం చూపించింది. ఆయన కర్ర కొస ఒకటి దాని చేతికిచ్చి, రెండోది తాను పట్టుకున్నారు.

"నేను బండి. నువ్వు బ్రేకు. ఆ రోజు బండి ఎక్కడ ఆగిందో అక్కడిదాకా వదలకు."

ఆయన ముందు, అది వెనక. ఆయన లాగుతున్నారు, అది ఆపుతోంది. ముసలాయన వగరుస్తున్నారు. అయినా లాగుతూనే ఉన్నారు.

ఆరో స్తంభం దగ్గర, ఆ మనిషి పడినచోట కంకర మీద చల్లిన సున్నం ఇంకా తెల్లగా ఉంది. ఎస్తేరు కర్ర వదిలేసింది.

"బండి ఇక్కడ ఆగిందా?"

"లేదు."

"బ్రేకు ఇక్కడ వదిలేశావా?"

"లేదు గురువుగారూ."

"మరి పట్టుకో."

"నా వల్ల కాదు!" అని అరిచింది. పన్నెండు రోజుల్లో అది గొంతెత్తడం అదే మొదటిసారి.

"చాల్లెండి సార్, పిల్ల..." అంటూ అడ్డం పోయాను.

"నువ్వుండమ్మా." ఆయన కర్ర మళ్ళీ చాపారు. "ఆ రోజు అయింది కదా తల్లీ."

ఎస్తేరు ఆ కర్ర కొసనే చూసింది. తర్వాత పట్టుకుంది.

ఎండ ముదిరింది. ఏడు. పది. పన్నెండు. దాని కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి తియ్యలేదు.

పదిహేనో స్తంభం దగ్గర ఆగిపోయింది. ఆయన లాగారు. మడమలు కంకరలో తన్నిపట్టి నిలబడింది. మళ్ళీ లాగారు. కదల్లేదు.

"ఇక్కడే" అంది. "ఇక్కడ ఆపాను."

ఆయన కర్ర పక్కన పెట్టి, దాని అరచెయ్యి తిప్పి నాకు చూపించారు. ఎర్రగా కమిలిపోయి ఉంది.

"చూడమ్మా. ఆ మనిషి కోసం ఇంత దూరం పట్టు వదలని చెయ్యి ఇదొక్కటే."

కాగితం ఆయన తిరిగివ్వలేదు. ఎస్తేరు అడగలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి మా ఆడబిడ్డ వచ్చి కూర్చుని ఉంది. కంచం పెట్టాను. అన్నం గిన్నె నా చేతిలోంచి ఎస్తేరు తీసుకుంది. ఆడబిడ్డ నా వైపు చూసింది. నేను పప్పు గిన్నె కూడా దాని చేతికే ఇచ్చాను.

ఎస్తేరు ఆ కమిలిన చేత్తోనే వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

"తినత్తా" అంది.