గండయ్య మీది పద్నాలుగు పలకలు

నల్లవాగు అడవిలో కాపలా పని రేచుకుక్కలది. వాటి మీద ఎవరికైనా ఫిర్యాదు ఉంటే తడిమట్టి పలక మీద గిట్ట అద్ది, రైటరు పని చేసే నక్కకు ఇవ్వాలి. నక్క దాన్ని ఎండబెట్టి గుహలో పెట్టి, బండ అడ్డం దొర్లించేవాడు. ఆ తర్వాత ఆ పలకను చూసినవాళ్లు లేరు.

గండయ్య అనే రేచుకుక్క రేవు దగ్గర గాడిద లింగన్న కాలు విరిచాడు. పైగా లింగన్నే తనను తన్నాడని ఎదురు కేసు పెట్టాడు. కేసు నెగ్గితే లింగన్నను అడవి దాటిస్తారు. అవతల చుక్క నీరు లేదు, ఆ కాలితో రెండ్రోజులు కూడా బతకడు.

లింగన్న అక్క చెంగమ్మ పలక మీద గిట్ట అద్ది ఇచ్చి, గండయ్య మీద ఇంతకుముందు ఫిర్యాదులేమైనా వచ్చాయా అని నక్కను అడిగింది. ఒక్కటీ లేదు, నీదే మొదటిది అన్నాడు నక్క. అయితే గుహ చూపించమంటే రహస్యం అన్నాడు. లేనిదానికి రహస్యమేమిటయ్యా అంటే అర్జీ పెట్టుకోమన్నాడు. పెడితే వానలయ్యాక రమ్మన్నాడు. వానలయ్యాక పోతే, అర్జీ తడిసిపోయింది, ఇంకోటి పెట్టమన్నాడు. చెప్పే నాకే ఒళ్లు మండుతోంది, తిరిగిన ఆవిడకెలా ఉండాలి? జింకనడిగితే తనకూ మొదటిదనే చెప్పారంది. మేకా అదే మాటంది. చెంగమ్మకు విసుగుతో ఏడుపొచ్చింది.

విచారణ రోజు వచ్చింది. తీర్పు చెప్పేది ఏనుగు తాత. రేచుకుక్కలకో అలవాటుంది: ఎవడి మీద ఎన్ని పలకలు పడితే వాడంత మొనగాడు. పొద్దుగూకితే చేరి ఆ గొప్పలే చెప్పుకుంటాయి. అది చెంగమ్మ తుప్పల చాటు నుంచి విని ఉంది.

"తాతా, ఈయన్నేమీ అనకండి," అంది. "పాపం, కొత్తవాడు. ఈయన మీద ఇంతవరకూ ఒక్క పలకైనా పడలేదని రైటరుగారే చెప్పారు. మా తమ్ముణ్ణి చూసి బెదిరిపోయి ఉంటాడు."

వెనకనున్న రేచుకుక్కలు కిసుక్కుమన్నాయి. గండయ్యకు తల కొట్టేసినట్టయింది. నక్క వెనక నుంచి అతని తోక పట్టి లాగుతున్నా ఆగలేదు.

"ఎవడే కొత్తవాడు? పద్నాలుగు పలకలున్నాయి నా మీద. ఒక్కటైనా నన్నేం చేయగలిగింది?"

ఏనుగు నక్క వంక చూసి పలకలు తెమ్మంది. బండ కదలడం లేదని నసిగాడు నక్క. ఏనుగే వెళ్లి తొండంతో తోసేసింది.

గండయ్య మీది పలకలు వరసగా పరిచారు. ఏ పలక మీద ఎవరి గిట్ట ఉందో వాళ్లను వచ్చి దాని పక్కన నిలబడమంది ఏనుగు. జింక వచ్చింది, మేక వచ్చింది, ఎద్దు వచ్చింది. చెంగమ్మ తప్ప ఒక్కరూ సరిగ్గా నడవలేదు, మిగతా అందరూ కుంటుతూనే వచ్చారు.

లింగన్న మీద కేసు కొట్టేసి, గండయ్యనూ నక్కనూ పనిలోంచి తీసేసింది ఏనుగు. పలకలన్నీ రేవు గట్టున పెట్టించింది. నీళ్లకొచ్చిన ప్రతివాడూ చూసే పోతున్నాడు. గండయ్య మాత్రం అటు రాలేక బురదగుంటలో తాగుతున్నాడు.

అందరినీ కాచేవాడి మీద వచ్చిన ఫిర్యాదు అందరి కంటా పడాల్సిందే.