రబ్బరు పరుపుకి మంచం కుదిర్చిన పేర్రాజు

మండపేటలో పేర్రాజుకున్నంత తెలివి ఇంకెవరికీ లేదని పేర్రాజు అభిప్రాయం. ఆ మాట రోజూ ఒప్పుకునేవాడు తమ్ముడు గవర్రాజు ఒక్కడే కాబట్టి, ఊళ్ళో రెండో తెలివిగలవాడు వాడేనని కూడా తేలిపోయింది.

వాళ్ళమ్మ సూరాయమ్మకి నడుం పట్టేసి నిద్ర కరువైంది. డాక్టరు లేటెక్స్ పరుపు మీద పడుకోమన్నాడు. అన్నదమ్ములు పరుపులమ్మే సాంబమూర్తి కొట్టుకెళ్ళి ఆ రబ్బరు పరుపు తెచ్చి, ఇంట్లో ఉన్న నులక మంచం మీద పరిచారు. అంతే, పరుపు మధ్యలోకి జారింది, అమ్మ అందులో మునిగింది. దీనికంటే నాకు చాపే నయంరా అందావిడ. నడుం ఆవిడదే గానీ తెలివి వీళ్ళది కదా, ఎవరూ వినిపించుకోలేదు.

పరుపు కింద రాయిలా గట్టిగా ఉండాలన్నాడు సాంబమూర్తి. పేర్రాజు వెంటనే నాపరాయి బండ తెప్పించి నులక మంచం మీదికి ఎక్కించాడు. ఇంకేముంది, మంచం కోళ్ళు నాలుగూ నాలుగు వైపులకి పోయాయి. పోతే పోయాయని బండని నేలమీదే ఉంచి, దానిమీద పరుపేశారు. వారం తిరక్కుండా అడుగున చెమ్మ పట్టి, ముక్కిన వాసనేసింది.

ఈసారి సాంబమూర్తి పిల్లలకి చెప్పినట్టు చెప్పాడు. కింద గాలి ఆడాలి, చెక్క పట్టీల మంచం చేయించండి, పట్టీకీ పట్టీకీ మధ్య నాలుగు వేళ్ళ సందుండాలి అని. వడ్రంగి అలాగే చేసిచ్చాడు. పేర్రాజు మంచం కింద దూరి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"వడ్రంగి మోసం చేశాడ్రా తమ్ముడూ. సందులు పెట్టాడు గానీ వేళ్ళు పెట్టలేదు."

"మన వేళ్ళు లేవా అన్నయ్యా?"

అంతే, ఇద్దరూ మంచం కింద వెల్లకిలా పడుకుని చేతివేళ్ళు సందుల్లో దూర్చారు. ఇంకా సందులు మిగిలితే కాళ్ళు పైకెత్తి కాలివేళ్ళు కూడా దూర్చారు. అమ్మ వచ్చి పడుకుని ఒత్తిగిలింది. వేళ్ళు నలిగాయి. ఇద్దరూ నొప్పికి ఒక్కసారే పైకి తన్నారు. పట్టీలు ఊడి, పరుపుతో సహా అమ్మ వాళ్ళ మీద పడింది. అప్పటిదాకా వంగలేకపోయిన నడుం ఇప్పుడు నిటారుగా నిలవడం కూడా మానేసింది.

జరిగింది విని సాంబమూర్తి తల పట్టుకున్నాడు. అసలు ఆవిడ్ని అడిగారా అన్నాడు. ఎందుకడగాలో పేర్రాజుకి అర్థం కాలేదు గానీ, కొట్టువాడి మాట కాదనలేక అమ్మని రిక్షాలో తీసుకొచ్చాడు. ఆవిడ కొట్లోని మంచాలన్నీ తడిమి, ఒకదాని మీద నడుం వాల్చింది. ఇది హాయిగా ఉంది నాయనా అంటూనే నిద్రపోయింది.

"ఈ మంచమే పట్టుకెళ్ళండి," అన్నాడు సాంబమూర్తి. "ఆవిడ్ని మాత్రం లేపకండి. పాపం, ఎన్నాళ్ళకి పట్టిందో."

ఆయన భోజనానికి వెళ్ళాడు. అన్నదమ్ములు ఊపిరి బిగబట్టి, ఒకడు భుజాలూ ఒకడు కాళ్ళూ పట్టుకుని, అమ్మని గచ్చు మీదికి మెత్తగా దించారు. మంచం మీదున్న పరుపు కొట్టువాళ్ళది, పరాయి సొత్తు మనకెందుకని దాన్ని చుట్టి మూల నిలబెట్టారు. మంచం బండికెక్కించి ఇంటికి తెచ్చి, తమ పరుపు పరిచారు. ఎక్కడా జారలేదు, వంగలేదు, కింద గాలి కూడా ఆడుతోంది. తన తెలివికి తనే మురిసిపోతుంటే పేర్రాజు ఫోను మోగింది.

"ఏమయ్యా, మీ అమ్మగారు ఇక్కడ గచ్చు మీద పడున్నారేంటి?" అని అరిచాడు సాంబమూర్తి.

పేర్రాజు ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడాడు.

"మెల్లిగా మాట్లాడండి బాబూ, అమ్మ నిద్ర లేచిపోగలదు."